సీటు కింద రెండు చెక్కముక్కలు

హాల్వర్ గ్రోవ్, ఉత్తర డకోటా
అక్టోబరు 14, 2012

చెల్లెలు సోల్వేకి, అన్న ఆర్విడ్ రాస్తున్నది.

పోయిన ఆదివారం నువ్వు ఫోను చేశావని తెలుసు. లైటు వెలగడం చూశాను గానీ, ఎత్తినా నాకేం వినబడదు. చెవి మిషను పెట్టుకుంటే నీ మాట బదులు నీ వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. కాబట్టి ఉత్తరమే రాయి. చేతిరాతకి చెవుడు అడ్డం రాదు.

ఇక్కడ వేలం అయిపోయింది. ట్రాక్టర్లు, కోత మిషను, ఆఖరికి మా ఆవిడ మార్గిట్ కోళ్లకి నీళ్లు పోసే తొట్టెలు కూడా ఎవరెవరో పట్టుకుపోయారు. ఆ తొట్టెలు వెళ్తుంటే మాత్రం నేను కొట్టంలోకి వెళ్లి నిలబడ్డాను. మార్గిట్ పోయి రెండేళ్లయినా ఇలాంటివి చూస్తే మనసు ఊరుకోదు. పొలం కౌలుకిచ్చేశాను. ఇల్లొక్కటే ఉంచుకున్నాను.

ఎవరూ చెయ్యెత్తనిది ఒక్కటే మిగిలింది. నాన్న లారీ. యాభై ఆరు నాటి ఫోర్డు, గోధుమలు మోసిన రెండు టన్నులది. వేలం వేసేవాడు మూడుసార్లు అరిచి, "అయ్యా ఆర్విడ్ టుఫ్టె, ఇది నీకే రాసిపెట్టినట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఆగస్టులో నా పికప్ లేడిని గుద్ది తుక్కయింది. కొత్త బండి కొనబుద్ధి కాలేదు. అందుకని ఈ లారీనే బాగుచేసి రోజూ నడుపుతాను. ప్రదర్శనకి కాదు, ఊరేగింపుకి కాదు. సరుకులకి, చర్చికి, కాఫీకి. ఊరు పదకొండు మైళ్లు, నడిచి పోలేను గదా.

గ్యారేజీ గార్డీ ఏమన్నాడో తెలుసా? "ఒరే ఆర్విడ్, దీన్ని బాగుచేసే లోపల నీకే కొత్త విడిభాగాలు వెయ్యాల్సొస్తుంది!" వాడి నోటికి తాళం లేదు.

నీ అన్న,
ఆర్విడ్


డులూత్
అక్టోబరు 29, 2012

అన్నయ్యా,

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివేశాను. లారీని తుక్కుకి తోలలేదంటే ప్రాణం లేచొచ్చింది. వేలం మాట విన్నప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. అడుగుదామనుకుని, అడిగితే ఏమంటావోనని ఊరుకున్నాను. ఆ పొలంలో నాదంటూ ఏదైనా మిగిలిందంటే అది ఆ లారీలోనే ఉంది.

ఇక్కడ సరస్సు మీంచి గాలి మొదలైంది. ఇంకో రెండు నెలల్లో ఆఖరి ఓడలు వెళ్లిపోతాయి. అవి వెళ్లిపోతే కిటికీలోంచి చూడటానికి ఏమీ ఉండదు. ఆదివారాలు నా పాత బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి తిరిగొస్తున్నాను. కొత్త డ్రైవరు కుర్రది. నేను ఇరవై ఏడేళ్లు ఆ సీట్లోనే కూర్చున్నానని దానికి తెలియదు. మొన్న మలుపు దగ్గర బ్రేకు ఆలస్యంగా తొక్కింది, నా కాలు దానంతట అదే నేలని నొక్కేసింది. పక్కావిడ నన్ను వింతగా చూసింది.

లారీలో ఏమేం చేస్తున్నావో వివరంగా రాయి. సీటు తీసేటప్పుడు నన్ను తలుచుకో.

సోల్వే


హాల్వర్ గ్రోవ్
డిసెంబరు 3, 2012

సోల్వేకి,

వివరంగా రాయమన్నావు కాబట్టి కాఫీ పెట్టుకుని కూర్చో.

ముందు చక్రాలు. పాతవాటికి అంచున ఇనప రింగు బిగించి ఉంటుంది, గాలి కొట్టేటప్పుడు అది ఎగిరొస్తే తల ఉండదు. టైర్ల కొట్టువాడు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "పెద్దాయనా, నన్ను బాంబుకి గాలి కొట్టమంటావా? నాకు పిల్లలున్నారు!" అన్నాడు. వాటిని మార్చి ఒకే ముక్కగా వచ్చే చక్రాలు వేశాను. బ్రేకులు కొత్తవి, ముందు వాటికి డిస్కులు. స్టీరింగుకి ఇప్పటి లారీ పరికరం తగిలించాను, చిటికెన వేలితో తిరుగుతోంది. నాన్న చూస్తే సిగ్గుపడేవాడు. వెనక ఇరుసులో పళ్లచక్రాలు మార్చాక అరవై మైళ్ల వేగం అందుకుంటుంది. ఇదివరకు నలభై అయిదు దాటితే తలుపులు ఏడ్చేవి. ధాన్యం పెట్టె సగానికి కోసేశాను. నేను మోసేది ఇప్పుడు గోధుమలు కాదు, ఒక పాల డబ్బా, ఒక రొట్టె.

అసలు పెద్ద పని గేర్లది. నా ఎడమ మోకాలు సంగతి తెలుసుగా, వంగమంటే వంగదు. క్లచ్ తొక్కలేను. తుక్కులో పడున్న స్కూలు బస్సు నుంచి ఆటోమాటిక్ గేరుపెట్టె తెచ్చి బిగించాం. క్లచ్ పెడలు ఊడదీసి పారేశాను. ఇప్పుడు ఒక్క కాలితో పని.

నువ్వు చెప్పినట్టే, కొత్త సీటు వెయ్యడానికి పాతది తీసేటప్పుడు నిన్ను తలుచుకున్నాను. నీకు ఎలుకలంటే చచ్చేంత భయం గదా! కింద బకెట్టెడు ఎలుక గూళ్లున్నాయి. నీది అనదగ్గది ఏమీ కనబడలేదు. తలపిన్ను ఒకటి దొరికింది, అది అమ్మదై ఉంటుంది. గూళ్ల మధ్యలో ఎవరో బెజ్జాలు పెట్టిన రెండు చెక్కముక్కలు, గుప్పెడు బోల్టులు. బోల్టులు కాఫీ డబ్బాలో వేశాను. చెక్కలు పొయ్యిలో పెట్టాను. ఆ రోజు సున్నాకి పద్దెనిమిది కింద. మంచి యాష్ మాను చెక్క, గట్టిది, చాలాసేపు మండింది.

క్రిస్మస్‌కి నీ లెఫ్సే రొట్టెల కోసం చూస్తుంటాను. మార్గిట్ పోయాక ఇంట్లో బంగాళదుంప రొట్టె వాసన నీ పార్సిలు విప్పినప్పుడే.

ఆర్విడ్


డులూత్
డిసెంబరు 17, 2012

ఆర్విడ్,

ఉత్తరం అందింది. ఈసారి లెఫ్సే చెయ్యలేదు.

లారీ నీది. దానితో ఏం చేసుకున్నా నీ ఇష్టం. ఏం పారేసుకున్నా, ఏం కాల్చుకున్నా నీ ఇష్టం.

చలి జాగ్రత్త.

సోల్వే


హాల్వర్ గ్రోవ్
జనవరి 8, 2013

సోల్వేకి,

నీకు ముక్కు మీద కోపం చిన్నప్పటి నుంచీ ఉంది, కాదనను. కానీ ఈ కోపం దేనికో నాకు అర్థం కావడానికి పండగంతా పట్టింది. నాన్న లారీని నాన్న లారీలా ఉంచకుండా ముక్కలు చేశాననేగా? గేర్లు మార్చాననేగా?

ఒక్క సంగతి చెప్తాను విను. కాఫీ దుకాణంలో మేం ఆరుగురం ఉండేవాళ్లం, ఇప్పుడు ముగ్గురం. నేను ఒక రోజు రాకపోతే నాలుగో కుర్చీ కూడా గోడకి చేరేస్తారు. బండి లేని మనిషిని ఇక్కడ బతికున్నవాడి లెక్కలో వెయ్యరు. మొన్న మొదటిసారి లారీ వేసుకుని ఊళ్లోకి వెళ్లాను. దారిలో ఎదురొచ్చిన ప్రతివాడూ స్టీరింగు మీంచి వేలెత్తి పలకరించాడు. రెండేళ్లుగా అన్ని వేళ్లు ఒక్కరోజున చూడలేదు. వాళ్లు లారీని చూసి ఎత్తారు, నన్ను చూసి కాదు. అయినా నాకు ఏడుపొచ్చింది. ఆ సుఖం కోసం ఒక గేరుపెట్టె మార్చుకుంటే తప్పా?

అయినా ఆ లారీ సంగతి నీకేం తెలుసు? నీకు అది వంటింటి కిటికీలోంచి కనబడటమేగా. దాని క్లచ్ తొక్కి తొక్కి మోకాలు పోగొట్టుకున్నవాణ్ణి నేను. నువ్వు పట్నంలో పవర్ బ్రేకుల బస్సు నడిపావు. అది వేరు.

పండక్కి కొట్టులో కొన్న రొట్టె తిన్నాను. అట్టముక్కలా ఉంది.

ఆర్విడ్


డులూత్
జనవరి 27, 2013

అన్నయ్యా,

వంటింటి కిటికీ అన్నావు. ఆ మాట చదివి కాగితం బల్ల మీద బోర్లించి రెండు రోజులు దాని జోలికి పోలేదు. ఇప్పుడు చెప్తాను. ఒక్కసారే చెప్తాను.

యాభై ఏడు వసంతంలో నువ్వు సైన్యంలోకి, జర్మనీ వెళ్లిపోయావు. ఆ ఆగస్టులో, సరిగ్గా కోతల మొదటి రోజున, లారీకి కుదుర్చుకున్న మనిషి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నేను వంటింట్లో బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాను. నాకు పదకొండేళ్లు. నాన్న గుమ్మంలోకి వచ్చి, "సోల్వే, ఆ కత్తి అమ్మకిచ్చి రా" అన్నాడు. లారీ ఎక్కించాడు. నా కాళ్లు పెడళ్ల దాకా రాలేదు. నాన్న కొట్టంలోకి వెళ్లి రెండు యాష్ చెక్కలు కోసుకొచ్చాడు. నాలుగంగుళాల మందం. ఒకటి క్లచ్‌కి, ఒకటి బ్రేకుకి బోల్టులతో బిగించాడు.

"కాలు పెట్టు. అందిందా?"

"అందింది."

"అయితే పద."

అంతే, అదే నా డ్రైవింగు పాఠం.

మూడు కోతలు, అన్నయ్యా. పొలం నుంచి ధాన్యం గాదెల దాకా పదకొండు మైళ్లు, రోజుకి ఆరేడుసార్లు. స్టీరింగు పైన నా తల కనబడేది కాదు. గాదెల దగ్గర మనుషులు, "ఓరోయ్, టుఫ్టె వాళ్ల లారీ డ్రైవరు లేకుండానే వస్తోంది!" అని కేకలేసేవాళ్లు. ఒక్క గింజ ఒలకబొయ్యలేదు.

ప్రతి ఆగస్టులో నాన్న ఆ చెక్కలు విప్పి, నన్ను కూర్చోబెట్టి చూసి, చిత్రిక పట్టి పల్చన చేసేవాడు. రెండో ఏడు రెండున్నర అంగుళాలు. మూడో ఏడు ఒక్క అంగుళం. చిత్రిక పట్టేటప్పుడు, "పెరిగావు" అనేవాడు. నాన్న నన్ను తేరిపార చూసింది, కొలిచింది ఆ మూడుసార్లే. ఆ ఇంట్లో నా కోసమని ఆయన తన చేత్తో చేసిన వస్తువు ఇంకోటి లేదు.

నువ్వు తిరిగొచ్చే ముందు రోజు అమ్మ పిలిచి, "అన్నయ్య ముందు లారీ మాట ఎత్తకు. సైన్యం నించి వస్తున్నాడు, చిన్నబుచ్చుకుంటాడు" అంది. నాన్న చెక్కలు విప్పాడు. పారెయ్యలేదు. నేను చూస్తుండగా సీటు ఎత్తి కింద పెట్టాడు. నేను మళ్లీ కత్తి పట్టుకుని దుంపల ముందు కూర్చున్నాను. పొలం నీకు రాసినప్పుడూ నోరెత్తలేదు. సీటు కింద అవి ఉన్నాయిలే, నాన్న పారెయ్యలేదులే అనుకునేదాన్ని. యాభై మూడేళ్లు ఆ ధైర్యంతోనే ఉన్నాను. నీకు తెలుసనే అనుకున్నాను. అందరికీ తెలిసిన సంగతి నీకు తెలియకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను.

ఇరవై ఏడేళ్లు బస్సు నడిపాను. ఎక్కడ నేర్చుకున్నావే అని నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు.

చాలాసేపు మండిందని రాశావు. ఆ ముక్క రాయకుండా ఉండాల్సింది.

సోల్వే


హాల్వర్ గ్రోవ్
మార్చి 10, 2013

సోల్వే,

ఆరు వారాలుగా నీకు రాస్తూనే ఉన్నాను. రాసినవన్నీ ఆ పొయ్యిలోనే వేశాను.

నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. గార్డీని అడిగాను. "నీకు తెలీదా? మా నాన్న ఆ పిల్ల గురించి చచ్చేదాకా చెప్పేవాడు గదరా! నీ ముందు అంటే బావుండదని మానేశాం" అన్నాడు. అంటే ఊరు ఊరంతా నా ముఖం చూసి మాట మింగేసింది. నేను అంత చిన్నబుచ్చుకునే మనిషిననుకున్నారా? ఒకవేళ అయ్యే ఉంటానేమో.

బూడిదైనా ఉందేమోనని చూశాను. లేదు. డిసెంబరులోనే వాకిట్లో మంచు మీద చల్లేశాను, కాలు జారకుండా. ఆ బూడిద మీదే నడుచుకుంటూ వెళ్లి నీకు రాసిన ఉత్తరం డబ్బాలో వేసి వచ్చాను. ఇది తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

క్లచ్ పెడలు తుక్కు గుట్టలో ఉంటే మంచు తవ్వి తీశాను. పాదం ఆనే చోట రెండు బెజ్జాలున్నాయి. నేను దాన్ని ఎన్నేళ్లు తొక్కాను! ఏ తెలివితక్కువవాడు బెజ్జాలు పెట్టాడో అనుకుంటూ తొక్కాను. కాఫీ డబ్బా బోర్లిస్తే బోల్టులు పన్నెండు. నాలుగు పొడుగువి, నాలుగు వాటికన్నా పొట్టివి, నాలుగు చిన్నవి. బల్ల మీద వరసగా పేర్చాను. నువ్వు చెప్పిన మూడు ఆగస్టులూ నా ముందు ఉన్నాయి. నాన్న పొట్టివి దొరికాక కూడా పొడుగువి పారెయ్యలేదు.

ఇంకొకటి. జర్మనీలో నాకొచ్చిన ఉత్తరాలు చెప్పుల పెట్టెలో ఉన్నాయి. మొన్న అన్నీ చదివాను. యాభై ఎనిమిది సెప్టెంబరుది దీంతో పంపుతున్నాను, అసలుదే. నాన్న వర్షం గురించి, పంది గురించి రాసి, చివర ఇలా రాశాడు: "ఈ ఏడు కూడా లారీకి అదే డ్రైవరు. మాటలు తక్కువ, చెయ్యి నిదానం. ఇంత మంచి డ్రైవరు దొరకడం మన అదృష్టం." ఎవరో కూలి మనిషి అనుకున్నాను. పేరు కూడా అడగలేదు. అది నా ఉత్తరం కాదు సోల్వే, మొదటి నుంచీ నీదే. నీ దగ్గరే ఉంచుకో.

తప్పయిపోయింది.

ఆర్విడ్


డులూత్
ఏప్రిల్ 2, 2013

అన్నయ్యా,

నాన్న ఉత్తరం అందింది. ఆ మూడు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో చెప్తే నవ్వుతావు. ఆయన అంత పొడుగు మెచ్చుకోలు నోటితో అని ఉంటే ఆ రోజు లారీ కాలవలో పడేసేదాన్ని.

నీ మీద కోపం పోయిందని అబద్ధం చెప్పను. తగ్గింది. అమ్మ మీద కొంచెం, నా మీద కొంచెం పంచుకున్నాను. నేనూ నోరు విప్పి ఉంటే పోయేది.

ఇప్పుడు నువ్వు కొత్త చెక్కలు చేసి పంపుతానంటావు, నాకు తెలుసు. వద్దు. నీ లారీ నువ్వు హాయిగా నడుపుకో. ఎదురొచ్చినవాళ్లు వేలెత్తితే నువ్వూ ఎత్తు. నీకు ఆ మాత్రం మనుషులు కావాలి. నాకంటే నీకే ఎక్కువ కావాలి.

మంచు విరిగింది. నిన్న మొదటి ఓడ వచ్చింది, చూడటానికి ఎవరైనా పక్కన ఉంటే బాగుండుననిపించింది.

సోల్వే


హాల్వర్ గ్రోవ్
మే 19, 2013

సోల్వే,

నువ్వు వద్దన్నది చెయ్యలేదు. చెక్కలు చెయ్యలేదు. ఇంకోటి చేశాను.

స్కూలు బస్సు గేరుపెట్టె దింపేశాను. పాత గేరుపెట్టె, పాత క్లచ్, బెజ్జాలున్న ఆ పెడలు, ఎక్కడివి అక్కడ మళ్లీ బిగించాను. ఐదు వారాలు పట్టింది. గార్డీ లారీ కింద పడుకుని తిట్టని తిట్టు లేదు. "చలికాలమంతా కష్టపడి ఎక్కించింది దింపుతావా? మోకాలుతో పాటు బుర్ర కూడా పోయిందా?"

"పోయిందనుకో. ఆ పానా ఇలా ఇవ్వు" అన్నాను.

బ్రేకులు, చక్రాలు, స్టీరింగు మాత్రం కొత్తవే ఉంచాను. నువ్వు బాంబుల మీద తిరగనక్కర్లేదు.

నిన్న సాయంత్రం ఎక్కి కూర్చుని క్లచ్ తొక్కి చూశాను. సగం దాకా వెళ్లి మోకాలు ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నిస్తే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. కాబట్టి ఈ లారీని నడపగలిగే మనిషి ఇప్పుడు ఈ ఇంట్లో లేడు. గార్డీ నడుపుతానన్నాడు, నేను ఒప్పుకోలేదు. దానికి డ్రైవరు ఉంది, డులూత్‌లో ఉంటుంది అని చెప్పాను.

తాళం దీంతో పంపుతున్నాను. రెండోది లేదు, వెతక్కు. ఆ పక్క సీట్లో నేను ఎప్పుడూ కూర్చోలేదు. పొలం అక్కణ్ణించి ఎలా కనబడుతుందో చూడాలని ఉంది. నువ్వు రాకపోతే అది వాకిట్లో అలాగే ఉంటుంది, నేనూ ఇంట్లో ఇలాగే ఉంటాను. బెదిరించడం కాదు, ఉన్న సంగతి రాస్తున్నాను.

నీ అన్న,
ఆర్విడ్


డులూత్
మే 27, 2013

అన్నయ్యా,

నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది? సరుకులు ఎవరు తెస్తున్నారు? కాఫీ దుకాణంలో నీ కుర్చీ గోడకి చేరేశారా, ఉందా? డెబ్బై అయిదేళ్ల మనిషివి, ఉన్న ఒక్క బండినీ నీ చేతులతో నువ్వే పనికిరాకుండా చేసుకుని, తాళం పోస్టులో పడేస్తావా! అది దారిలో పోయి ఉంటే? కవరు చింపగానే ఒళ్లో పడింది. దాన్ని పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నీకు అనవసరం.

వచ్చే గురువారం బస్సుకి టిక్కెట్టు తీసుకున్నాను. సాయంత్రం నాలుగుకి గ్రాండ్ ఫోర్క్స్‌లో దిగుతాను. గార్డీని పంపు. ఎన్నాళ్లుంటావని మాత్రం అడగొద్దు, నాకే తెలియదు. లెఫ్సే పెనం తెస్తున్నాను, బంగాళదుంపలు నువ్వు చెక్కు తీస్తావు.

ఒక్క ఇబ్బంది. మొన్న డాక్టరు నన్ను గోడకి నిలబెట్టి కొలిచాడు. అంగుళమున్నర తగ్గానట. నీ కొత్త సీటు ఎంత మెత్తగా ఉందో, ఎంత వెనక్కి ఉందో నాకు తెలియదు. క్లచ్ అడుగంటా తొక్కాలంటే నాకు కాలు అందదేమో.

కాఫీ డబ్బాలోంచి చిన్న బోల్టులు నాలుగూ తీసి పక్కన పెట్టు. కొట్టంలో యాష్ చెక్క ఉంటే చూడు. నన్ను కూర్చోబెట్టి కొలిచాకే చిత్రిక పట్టు, ముందే పట్టేసి పాడుచెయ్యకు. బిగించాక, కాలు అందిందా అని అడుగు.

సోల్వే